గుమ్మం ముందు నాలుగో జత

కిందటి చలికాలం మా ఆరేళ్ల పాప సాన్విని మంచులో ఆడిద్దామని, మావారూ నేనూ అమెరికాలో మేముండే రెడ్‌మండ్ నుంచి కొండల్లోకి డ్రైవ్ చేసుకుంటూ వెళ్లాం. మధ్యాహ్నం దాకా స్లెడ్ మీద జారి, రోడ్డు పక్కనున్న చిన్న హోటల్‌లో దిగాం. అక్కడ గదుల తలుపులు నేరుగా బయటికే తెరుచుకుంటాయి. మన అలవాటు పోదు కదా, ముగ్గురం బూట్లు గుమ్మం బయటే విప్పేశాం.

మావారు కునుకు తీస్తున్నారు. నేను స్నానం చేసొచ్చి, బయటికెళ్లి ఏమైనా తిందామని తలుపు తీశాను. మా మూడు జతల మీదా అంగుళం మందాన మంచు పేరుకుంది. సాన్వి బూట్ల పక్కన ఇంకో చిన్న జత ఉంది. ఎర్రవి. వాటి మీద మంచు రవ్వంత కూడా లేదు. ఎదురుగా పరుచుకున్న మంచులో ఒక్క అడుగు గుర్తూ లేదు.

రిసెప్షన్‌కి ఫోన్ చేస్తే, ఆ రోజు మేము తప్ప ఇంకెవరూ దిగలేదంది అక్కడున్నావిడ.

"ఎవరివే ఈ బూట్లు?" అన్నాను సాన్వితో.

టీవీ మీంచి చూపు తిప్పకుండా చెప్పింది. "ఒక గర్ల్ వచ్చింది మమ్మీ. లోపలికి రావచ్చా అంది. షూస్ బయట విప్పేసి రా అన్నాను. నువ్వే కదా అలా చెప్పమన్నావ్!"

మావారిని లేపి మంచం కింద, కర్టెన్ల వెనక, బాత్‌రూమ్‌లో అంతా వెతికాం. ఎవరూ లేరు. పది నిమిషాల్లో సామాను కార్‌లో పడేసి బయల్దేరాం. ఆ ఎర్ర బూట్లు మాత్రం అక్కడే ఉన్నాయి.

ఇప్పటికీ పడుకునే ముందు మా గుమ్మం దగ్గర జతలు లెక్కపెడతాను. చెప్పులు బయట ఉన్నాయంటే, మనిషి లోపల ఉన్నట్టే కదా!