ట్రక్కు మీది ఎండ

మొన్న ఫోన్లో అడిగావు కదా బుజ్జీ, చిన్న తాతయ్య ఫ్లెక్సీల్లో మా తాతయ్య బొమ్మ ఎందుకుంటుంది నాయనమ్మా, ఆయన కూడా రాజకీయాల్లో ఉండేవాడా అని. లేదు తల్లీ. ఓట్ల రోజున కూడా మిరపతోటకు నీళ్లు పెట్టుకున్నాకే వెళ్లే మనిషి మీ తాతయ్య. రాజకీయాల పిచ్చంతా ఆయన తమ్ముడిది, అంటే నా మరిదిది. సున్నం లారీలకు కిరాయిలు మాట్లాడిపెడుతూ, నాయకుల జీపుల వెంట తిరుగుతూ, వార్డు మెంబరుగా నిలబడి అందులోనూ ఓడిపోయాడు. "ఏమయ్యా మెంబరూ, ఈ గడ్డిమోపు కాస్త ఎత్తిపో" అని ఊళ్లో ఆడవాళ్లు ఎగతాళి చేస్తుంటే నేనూ నవ్వేదాన్ని.

మిరపకు ఆఖరి తడి కట్టే రోజుల్లో, కాలువ నీళ్ల వంతు దగ్గర మాటామాటా పెరిగి, పక్క చేనివాళ్లు మీ తాతయ్యను పార తిరగేసి తల మీద కొట్టారు. మరిది ఆయన్ను ట్రాక్టర్ ట్రక్కులో వేసుకుని నరసరావుపేట ఆస్పత్రికని బయలుదేరాడట. కబురు విని నేను ఆటోలో వెనకాలే వెళ్తే, పిడుగురాళ్ల సెంటర్లో ఆ ట్రక్కు రోడ్డుకు అడ్డంగా ఆగి ఉంది. అటూ ఇటూ లారీలు బారులు తీరాయి. మరిది నెత్తుటి చొక్కాతో ట్రాక్టర్ ఎక్కి నిలబడి, మా అన్నను చంపేశారు, పార్టీ పెద్దాయన వచ్చిందాకా శవాన్ని కదలనివ్వనని అరుస్తున్నాడు.

నేను ట్రక్కు ఎక్కి మీ తాతయ్య పాదాలు పట్టుకున్నాను.

"కాళ్లు యెచ్చగుండయ్ అబ్బాయ్, ఆస్పత్రికి పోనియ్యి."

"ఎండకి వదినా. అన్న ఎప్పుడో పోయాడు" అని వంగి, నాకు మాత్రమే వినపడేట్టు, "నువ్వు గట్టిగా ఏడువు, పెద్దాయనొచ్చే టైమైంది" అన్నాడు.

పెద్దాయన మధ్యాహ్నం దాటాక వచ్చి, దండ వేసి, మరిది భుజం మీద చెయ్యి వేసి, ఈ నెత్తురు ఊరికే పోదన్నాడు. పోలేదు మరి. ఆ ఏడు వచ్చిన ఎన్నికల్లోనే మరిది సర్పంచి అయ్యాడు, తర్వాత జెడ్పీటీసీ, ఇప్పుడు ఎమ్మెల్యే. ఆ సాయంత్రం ఆస్పత్రిలో, ప్రాణం ఎప్పుడు పోయిందయ్యా అని నేను అడగబోతే, డాక్టరు నా మరిది ముఖం చూసి తల దించుకున్నాడు.

అప్పటినుంచీ ప్రతి ఎన్నికలకూ నన్ను జీపులో ముందు సీట్లో కూర్చోబెట్టి ఊళ్లు తిప్పాడు. వాళ్లమ్మాయి పెళ్లిలో మాత్రం, తలంబ్రాలు అయ్యేదాకా ఈడనే ఉండక్కా అని తోడికోడలు నన్ను వెనక గదిలో పెట్టి తలుపు దగ్గరగా వేసింది. బొట్టు లేని ఆడది ఎదురైతే పెళ్లికి కీడు. నామినేషనుకు మాత్రం అదే మంచి శకునం.

ఇప్పుడు ఆ సెంటర్ గుర్తుపట్టలేవమ్మా, ఫోను చేస్తే అంబులెన్సు వస్తుంది, దానికి లారీలు కూడా దారిస్తాయి. మొన్న మరిది ఇంటికొస్తే, ఇద్దరమూ ముసలివాళ్లమయ్యాం కదా, ఇక చెబుతాడేమోనని అడిగాను.

"ఈసారి అన్న బొమ్మ పెద్దది ఏయిస్తన్నాలే వదినా" అని లేచి కారెక్కాడు.

నేనడిగింది బొమ్మ సంగతి కాదు బుజ్జీ. ఆ పాదాల్లో వెచ్చదనం ఎండదా, మీ తాతయ్యదా?