అన్నం కింద సంగటి

నాకు అక్షరాలు వచ్చేసరికి నోట్లో పళ్ళు సగానికి వచ్చాయి. ఉదయగిరి పక్కన మా ఊళ్ళో ఆ రోజుల్లో ఆడపిల్ల బడికి పోతోందంటే వాళ్ళింట్లో మేకలు లేవన్నమాట. మాకు మేకలుండేవి. పెళ్ళయ్యాక మేకలు పోయి పొయ్యి వచ్చింది. ముసలితనంలో మా వీధిలో పెద్దవాళ్ళకు బడి పెడితే అప్పుడు పలక పట్టుకున్నాను. రాయడం వచ్చాక కూడా ఈ సంగతి చాలా కాలం రాయలేదు. ఇందులో ఉన్నవాళ్ళు బతికుండగా రాస్తే నన్ను ఆత్మకూరులో తలెత్తుకు తిరగనివ్వరు. ఇప్పుడు అందరూ పోయారు. పోయినవాళ్ళు తిట్టినా నాకు వినపడదు.

అవి కంట్రోలు బియ్యం కష్టాలు కాస్త తగ్గుముఖం పట్టిన రోజులు. ఉదయగిరి, దుత్తలూరు వైపు నుంచి నెల్లూరుకు పోయేవాళ్ళు ఆత్మకూరులో దిగి ఇంకో బస్సు కోసం కాచుకునేవారు. బస్సులు ఆగే చోట ఒక పెద్దాయన ఇంటి అరుగు మీద మా అత్త తిండి అంగడి పెట్టింది. మామ అప్పటికే లేడు. మా ఆయన గొర్రెల మందతో కొండ మీద ఉండి, ఎప్పుడైనా దిగి వచ్చి మమ్మల్ని చూసిపోయేవాడు. వండేది అత్త, వడ్డించేది నేను. రాగి సంగటి, ఉలవచారు, శెనక్కాయల పచ్చడి. వాసనకు బస్సు డ్రైవరు కూడా తల తిప్పి చూసేవాడు. కూర్చునేవాళ్ళు మాత్రం లేరు.

అరుగు పెద్దాయన ఒకరోజు చేతులు వెనక్కి కట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"ఏమ్మా, నా అరుగు మీద ఈగలు తప్ప మనుషులు కనపడ్డంలా. దసరా లోపల జనం రాకుంటే ఖాళీ చేయండి. టీ అంగడి పెడతానని ఒకడు తిరగతా ఉండాడు."

అంగడి పోతే మా అత్త వింజమూరులో కూతురింటికి చేరాలి. అల్లుడు చెడ్డవాడు కాదు. నేను ఆ మాటే అంటే, "మంచోడే. అందుకే ఆ కూడు నాకు ఇంకా గొంతు దిగదు" అంది. పోయి పొయ్యి ముందర కూర్చుంది.

జనానికి ఏం కావాలో వాళ్ళనే అడిగితే సరిపోయేదానికి మనం ఊహించడం ఎందుకు అనిపించింది నాకు. బస్సు రాగానే దగ్గరికి పోయాను. దుత్తలూరు నుంచి కోర్టు వాయిదాల కోసం నెల్లూరు పోయే ఒక మీసాల ఆసామి ముందు దిగాడు.

"అన్నా, మా అరుగు మీద తినాలంటే ఏం తింటావు?"

అతను చుట్టూ చూశాడు. బస్సులోవాళ్ళంతా వింటున్నారని రూఢి చేసుకుని గొంతు పెంచాడు. "మేం వరన్నం తప్ప ముట్టం మే. మా ఇంట్లో సంగటి పెడితే కుక్కలు గూడా మొహం తిప్పుకుంటాయి."

వెనకాల దిగుతున్న ఆమె తక్కువ తినలేదు. "మా కుక్కకి గూడా వరన్నమే" అంది.

ఇంకా ఎంతోమందిని అడిగాను. అందరిదీ వరన్నమే. మా మెట్టలో వరన్నం అంటే పండగకీ, పెళ్ళికీ, జ్వరం తగ్గాక పత్యానికీ వండుకునేది. ఆ ఏడు వానలు కూడా లేవు. ఇన్ని వడ్లు ఎక్కడ పండాయో నాకు అంతుబట్టలేదు. అయినా నోటితో చెప్పారు కదా అని నమ్మి, మరునాటి నుంచి సంగటి కుండ బోర్లించాం.

జనం వచ్చేవారు. కుండలోకి తొంగి చూసేవారు. "అబ్బో, మల్లెపూలు మాదిరి ఉండాది మే" అని మెచ్చుకుని, ఆకలి లేదంటూ బస్సు వెనక్కి పోయేవారు. మిగిలిన అన్నం పొద్దునా సాయంత్రం మేమే తినేవాళ్ళం. కొన్నాళ్ళకు అత్త అన్నం కుండ వైపు చూడడమే మానేసింది.

ఒకరోజు కడుగునీళ్ళు పారబోయడానికి బస్సులు ఆగే చోటికి వెనకున్న గోడ చాటుకు పోయాను. అక్కడ మీసాల ఆసామి గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో గుడ్డ మూట. మూటలో చల్లటి సంగటి ముద్ద, పక్కన నంజుకోవడానికి ఒలిచిన ఎర్రగడ్డ.

"ఏందన్నా ఇది? మీ ఇంట్లో కుక్కలు గూడా ముట్టవంటివే?"

నోట్లోది మింగడానికి అతనికి కొంచెం సేపు పట్టింది. "కుక్కలకేం తెలస్తాది మే, దీని రుచి" అన్నాడు.

"మరి మా అరుగు మీద కూర్చోని వేడిగా తినకూడదా?"

"అందరి ముందరా? బస్సు నిండా మా ఊరోళ్ళే. పలానావోడు ఆత్మకూరు దాకా వచ్చి సంగటి తిన్నాడని చెప్పుకోరా?"

చుట్టూ చూస్తే ఆ గోడ పొడవునా మూటలే. 'మా కుక్కకి గూడా' అన్న ఆమె కొంగు చాటున సజ్జరొట్టె నములుతోంది. ఒకరికి ఒకరు వీపులు తిప్పి కూర్చున్నారు, కాబట్టి ఎవరూ ఎవరికీ కనపడనట్టే లెక్క.

ఆ రోజు నుంచి జనం నోళ్ళ వైపు చూడడం మాని ముక్కుల వైపు చూశాను. నెల్లూరుకు పోయేవాళ్ళు ఎలాగో తమాయించుకునేవారు. నెల్లూరు నుంచి తిరిగొచ్చేవాళ్ళు హోటళ్ళలో అన్నం తిని తిని, మా ఉలవచారు వాసనకు బస్సు పూర్తిగా ఆగకముందే లేచి నిలబడేవారు. ఇక్కడ దిగి ఊళ్ళకు నడిచిపోవాల్సినవాళ్ళకు కడుపులో నిలిచే తిండి కావాలి. వీళ్ళందరికీ కావలసింది సంగటి. వద్దనేది పక్కవాడి కళ్ళు.

అత్తకు చెబితే, "అయితే దాచిపెడదాం" అంది.

అత్త ఆకులో వేడి సంగటి ముద్ద పెట్టి, గుంట చేసి ఉలవచారు పోసి, పైన అన్నం పలచగా కప్పి నా చేతికిచ్చేది. దూరం నుంచి చూస్తే తెల్లటి అన్నం కుప్ప. మీసాల ఆసామి చెవిలో నేను ఒక్క మాట వేశాను. ఆ మాట రెండు తాలూకాలకు పాకిపోయింది. జనం వచ్చి "అన్నం పెట్టు మే" అని గట్టిగా చెప్పి కూర్చునేవారు. పైకప్పు చెదరకుండా పక్క నుంచి ఎలక బొరియ తవ్వినట్టు తవ్వుకుని తినేవారు. అందరికీ తెలుసు. పక్కవాడికి మాత్రం తెలియదని అందరి నమ్మకం.

దసరా దగ్గరపడింది. ఒక మధ్యాహ్నం అరుగు నిండా జనం ఉండగా పెద్దాయన తన వియ్యంకుణ్ణి బస్సు ఎక్కించడానికి తీసుకొచ్చాడు. వియ్యంకుడిది కోవూరు వైపు, కాలవ కింద మాగాణి గల మనిషి. బస్సు ఎప్పటిలాగే రాలేదు. పెద్దాయన వరసగా ఉన్న తెల్లటి ఆకుల్ని చూసి పొంగిపోయాడు.

"చూసినావా బావా, మా మెట్టోళ్ళు గూడా ఎట్టా అన్నం తింటా ఉండారో? ఏమ్మా, మా బావకి ఒక ఆకు వెయ్యి."

నేను మంచినీళ్ళు తెచ్చేలోపల అత్త చేతి అలవాటు కొద్దీ అందరికీ పెట్టినట్టే పెట్టేసింది. నేను కళ్ళతో సైగ చేశాను. ఆమె చూడలేదు. వియ్యంకుడు అన్నంలో చెయ్యి పెట్టాడు. చెయ్యి ఆగింది. తెల్లటి అన్నం జారి నల్లటి ముద్ద బయటపడింది.

"ఇదేంది బావా?"

అరుగు మీద చేతులన్నీ ఆకుల్లోనే నిలిచిపోయాయి. పెద్దాయన మొహం సంగటి రంగుకు తిరిగింది. మా అత్త తెడ్డు కింద పెట్టి కొంగు సర్దుకుంది, అప్పుడే వింజమూరు బస్సు ఎక్కేదానిలాగా.

వియ్యంకుడు ఒక ముద్ద తిన్నాడు. ఇంకొకటి తిన్నాడు.

"నేనొచ్చిన కాడినుంచి మీ ఇంట్లో పూటపూటకీ వరన్నం పెట్టి చంపినారు గదయ్యా! మా ఊళ్ళో ఏడాది పొడుగునా తినేది అదే. ఇంత కమ్మటిది గడప ముందర పెట్టుకోని చెప్పవేంది? ఇంకో ముద్ద వెయ్యమ్మా. పైన ఆ అన్నం వద్దు."

మీసాల ఆసామి దగ్గి, "నాకూ అట్నే మే" అన్నాడు. ఆ పక్కవాడు, వాడి పక్కవాడు. పెద్దాయన గోడ వైపు చూస్తూ, "సంగటి పెట్టమని నేనే చెప్పినాన్లే" అన్నాడు. తర్వాత తనూ వరస చివర ఒక ఆకు ముందర కూర్చున్నాడు. లేచి చెయ్యి కడుక్కుంటూ మా అత్తతో, "టీ అంగడోణ్ణి రావద్దంటాలే. రేపు పొద్దున మా ఇంట్లోకి ఒక ముద్ద పంపించు. వెనక గుమ్మానికి" అన్నాడు.

మరునాడు పొద్దున్నే వేడి ముద్ద ఆకులో పెట్టి, అలవాటు పోక పైన అన్నం కప్పి, వెనక గుమ్మానికి తీసుకుపోయాను. పెద్దాయన భార్య అందుకుని చూసింది.

"ఈ అన్నం ఎందుకే పైన? ఈడ నన్నెవురు చూడొచ్చినారు?"

అన్నం అంతా ఎత్తి నా చేతిలో పెట్టింది. నేను అక్కడే గుమ్మంలో నిలబడి తినేసి, చెయ్యి కడుక్కుని, అరుగు మీదికి వచ్చి పెద్ద కుండలో రాగిపిండికి ఎసరు పెట్టాను.