కిటికీ పక్కన కంకర

కెనడాలో, టొరంటో దగ్గరి స్కార్‌బరోలో మేం ముగ్గురు విద్యార్థినులం ఒక తెలుగాయన ఇంట్లో బేస్‌మెంట్ అద్దెకు తీసుకుని ఉండేవాళ్లం. కాలేజీలకు వచ్చేవాళ్లు పెరగడంతో ఆయన పై గదులు కూడా అద్దెకిచ్చాడు. కార్లు ఎక్కువవడంతో, వాటిని నిలపడానికి పెరట్లో గడ్డి తవ్వించి కంకర పోయించాడు. మేం కూడా సరదాగా పారలు పట్టి సర్దాం. కంకర, నేలమట్టానికి ఉన్న మా ఒక్కగానొక్క కిటికీ దాకా వచ్చింది.

చలి ముదిరాక ఒక ఉదయం పైవాళ్లెవరో కారు స్టార్ట్ చేసి, వేడెక్కాలని అలాగే వదిలేశారు. పొగంతా కిటికీ సందుల్లోంచి మా గదిలోకి దిగింది. నా పక్క మంచం అమ్మాయి లేవబోయి తూలి పడింది. మూడో అమ్మాయి తలుపు తీస్తే, పడినామెను పట్టుకుని మెట్లెక్కించి బయటికి తెచ్చాను. మంచులో కూర్చుని వాంతి చేసుకుంది.

"అంకుల్, కార్లు కంచె వైపు పెట్టించండి, ప్లీజ్," అన్నాను ఇంటాయనతో.

"కిటికీ గట్టిగా మూసుకోండమ్మా. రూమ్ కోసం రోజూ ఎవరో ఒకరు కాల్ చేస్తూనే ఉన్నారు," అన్నాడాయన.

వేరే గది దొరికేదాకా కిటికీ సందులకు టేపు అంటించుకుని అక్కడే ఉన్నాం. ఇంజిన్ చప్పుడు వినిపిస్తే చాలు, పక్క మంచం అమ్మాయిని తట్టి లేపేదాన్ని.

"బాగానే ఉన్నానే, పడుకో," అనేది.

నాకు మాత్రం మళ్లీ నిద్ర పట్టేది కాదు.