కుక్కకు వేసిన పోగు

మా నాయన ఆదివారం ఆదివారం పొట్టేలును కోసేవాడు. ఎమ్మిగనూరు అంచున మా ఇంటి ముందే గోనెపట్టా పరిచి, మాంసాన్ని పోగులు పెట్టేవాడు. ప్రతి పోగులో ఇంత కండ, ఇంత ఎముక, ఇంత కార్జం పడాలి. డెబ్బైల్లో మా వీధిలో తూకం అడిగేవాళ్లు లేరు. ఆయన పోగుల్లో తేడా ఉండదని పేరు.

కొన్ని పొట్టేళ్ల కార్జంలో తెల్లటి నీళ్లబుగ్గలు కనిపించేవి. రేగుపండంతవి కొన్ని, నిమ్మకాయంతవి కొన్ని. అలాంటి కార్జాన్ని నాయన ఎవరికీ అంటగట్టేవాడు కాదు. "మనిసి తినేది గాదు ఇది" అని పక్కకు విసిరేవాడు. కింద పడకముందే మా కుక్క అందుకునేది. అది దాని పోగు. మూగజీవానికి పెడుతున్నామని మురిసిపోయాం కూడా. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

కుక్క మా అమ్మది. వానలో వణుకుతున్న పిల్లను కొంగులో చుట్టుకొచ్చి పెంచింది. అమ్మ జొన్నరొట్టెలు తడుతుంటే అది పొయ్యి పక్కనే పడుకునేది. మొదటి ముక్క దానికే. అది అమ్మ చేతులు నాకేది, అమ్మ దాని వీపు నిమిరేది, ఆ చేత్తోనే ఉల్లిగడ్డ నలిపి రొట్టెతో నంజుకునేది. "కన్నబిడ్డల కన్నా ఇదే నయం, పెట్టిన చెయ్యిని మరవదు" అని నన్ను ఎత్తిపొడిచేది. కుక్కతో పోలికేమిటని నేను మూతి ముడుచుకునేదాన్ని.

నాకు సంబంధాలు చూస్తున్న రోజుల్లో అమ్మ కడుపు పెరగడం మొదలైంది. కొళాయి దగ్గర ఆడవాళ్లకు అంతకన్నా ఏం కావాలి? "ఏమక్కా, కూతురికి కాకముందే నువ్వు కాన్పుకు కూసుంటాండావే!" అని ఒకటే పరాచికాలు. అమ్మా నవ్వేది. రాను రాను కడుపు పెరిగి ఒళ్లు చిక్కింది. మంత్రసాని వచ్చి కుడివైపు డొక్క కింద నొక్కి చూసి, "ఇది బిడ్డ గాదు, గడ్డ" అంది. ఆ తర్వాత ఎవరూ పరాచికాలాడలేదు.

ఆదోనిలో చూపిస్తే కర్నూలు తీసుకుపొమ్మన్నారు. అక్కడి డాక్టరు ఎక్స్‌రే చూసి, "ఇంట్లో కుక్క ఉందా?" అని అడిగాడు. నాయనకు చిర్రెత్తుకొచ్చింది. "మనిసి సచ్చిపోతాంది సామీ, కుక్క సంగతి ఎందుకు?" అన్నాడు.

డాక్టరు కోప్పడకుండా చెప్పాడు. కుక్క పేగుల్లో సన్నటి పురుగులుంటాయి. వాటి గుడ్లు దాని మలంతో బయటికొచ్చి బొచ్చుకు, గడ్డికి అంటుకుంటాయి. గొర్రె ఆ గడ్డి మేస్తే కార్జంలో నీళ్లబుగ్గలవుతాయి. ఆ బుగ్గలను కుక్క తింటే మళ్లీ పురుగులవుతాయి. "గుడ్డు మనిషి నోట్లో పడినా అవే బుగ్గలు. కాకపోతే మనిషి కార్జాన్ని తీసి కుక్కకు ఎవరూ వెయ్యరు కదా. పురుగుకు అక్కడితో దారి మూసుకుపోతుంది" అన్నాడు.

నాయన తన చేతులు చూసుకుంటూ నిలబడిపోయాడు. మా అమ్మను తిని ఆ పురుగు బావుకునేది కూడా ఏమీ లేదన్నమాట.

కోసి బుగ్గలు తీశారు. మళ్లీ రావచ్చని కూడా చెప్పారు. అమ్మ ఆసుపత్రిలో ఉండగానే నాయన ఒకరోజు ఊరికి పోయి వచ్చాడు. ఎందుకో చెప్పలేదు.

ఇంటికొచ్చిన రోజు అమ్మ గడపలో నిలబడి కుక్కను పిలిచింది. ఎంత పిలిచినా రాకపోయేసరికి నాయన వైపు తిరిగింది.

"సంపితివా?"

నాయన తల దించుకున్నాడు.

"దానికేం తెలుసప్పా? మనమేసింది తినింది" అని అమ్మ లోపలికి పోయి గోడవైపు తిరిగి పడుకుంది. ఆ పూట అన్నం ముట్టలేదు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే మనుషులను చూశాను గానీ, ఆ కుక్క అలాంటిది కాదు.

అప్పట్నుంచి బుగ్గలున్న కార్జాన్ని నాయన ఇంటి వెనక గుంత తీసి పూడ్చేవాడు. "కార్జానికి సమాధి కడతాండాడప్పా!" అని పోగులకొచ్చినవాళ్లు నవ్వేవాళ్లు. ఆయన పట్టించుకునేవాడు కాదు.

ఎనభైలు వచ్చాక అమ్మకు ఆయాసం మొదలైంది. ఒకరోజు దగ్గితే నోటినిండా ఉప్పనీళ్లు పడ్డాయి. ఈసారి బుగ్గలు ఊపిరితిత్తుల్లో, రెండువైపులా. కొయ్యడానికి లేదన్నారు. అమ్మను ఇంటికి తెచ్చుకున్నాం.

చివరి రోజుల్లో ఒకసారి నాయన చెయ్యి పట్టుకుని, మాటకు మాటకు ఊపిరి తీసుకుంటూ చెప్పింది. "నన్ను బాగా లోతుగా పెట్టు. నా ఒంట్లోది ఏ కుక్కకూ దొరకగూడదు."

డాక్టరు మాట ఆమెకు నాయనే చెప్పి ఉంటాడు. నేను బయటికి పోయి ఏడ్చాను.

అమ్మ గుంతను నాయన ఎవరినీ తవ్వనివ్వలేదు. తానే దిగి, తల మునిగేదాకా తవ్వాడు. "సాలప్పా, ఇంక సాలు" అని పెదనాయన పైనుంచి అంటున్నా వినలేదు. మట్టి పూడ్చాక పైన బండలు పేర్చి తుమ్మకంప కప్పాడు. అందరూ వెళ్లిపోయినా అక్కడే కూర్చున్నాడు. కాసేపటికి దూరంగా ఒక కుక్క వచ్చి నిలబడింది. నాయన రాయి అందుకున్నాడు గానీ, విసరలేకపోయాడు.