మూడు వారాల క్లచ్ ప్లేటు

నిన్న మొజంజాహీ మార్కెట్ సిగ్నల్ దగ్గర నేనెక్కిన క్యాబ్‌లో కాలిన వాసన వచ్చింది. రబ్బరూ కాదు, వైరూ కాదు; పాత గోనెసంచి అంటుకుని ఆరిపోతే వచ్చే వాసన. డ్రైవరు అద్దంలో నా మొహం చూసి, "ఫికర్ చెయ్యకున్రి మేడమ్, గది ముందున్న బస్సుది" అన్నాడు. నేను అప్పటికే సీట్లోంచి ముందుకు వంగి అతని ఎడమ పాదం ఎక్కడుందో చూస్తున్నాను. అతను ఇబ్బందిగా కాలు వెనక్కి లాక్కున్నాడు. కొత్తవాళ్లను టైమెంతని అడగడానికే మొహమాటపడే నేను, ఎవరి బండి ఎక్కినా ముందు పాదాలే చూస్తాను. ఈ అలవాటు నాన్న వ్యాను వల్ల వచ్చింది.

నాన్న నాంపల్లి నుంచి ఎనిమిదిమంది పిల్లలను ఆబిడ్స్‌లోని బడికి వ్యానులో తీసుకెళ్లి తెచ్చేవాడు. ఆ వ్యాను వయసులో నాకన్నా పెద్దది, ఇంట్లో మర్యాదా దానికే ఎక్కువ. పొద్దున్నే తుడిచి, బొట్టు పెట్టి, చెప్పులు కింద విడిచి ఒట్టి కాళ్లతో ఎక్కేవాడు. "బువ్వ పెట్టే బండి మీద చెప్పుకాలు పెడ్తమా" అనేవాడు. పిల్లల బూట్లకు మాత్రం మినహాయింపు ఉండేది. ఆ బూట్ల వెంట చాక్లెట్ కాగితాలు, పెన్సిల్ ముక్కలు, ప్రాజెక్టు చార్టుల నుంచి ఊడిన పిన్నులు వ్యానులోకి చేరేవి. ఊడ్చే పని కూడా ఎవరికీ ఇవ్వడు. కళ్లజోడు లేకుండా ఊడ్చి, అద్దంలా ఉందని మురిసిపోయేవాడు.

ఏళ్ల తరబడి నడిచిన క్లచ్ ప్లేటు అరిగితే, నాంపల్లి స్టేషన్ దగ్గరి గల్లీలో ఉండే మెకానిక్ కొత్తది వేశాడు. అందరూ ఆయన్ని ఉస్తాద్ అనేవాళ్లు. నాన్నకు ఇరవై ఏళ్ల స్నేహితుడు. మూడు వారాలు తిరక్కుండానే ఆబిడ్స్‌లో నడిరోడ్డు మీద ఇంజను అరిచింది గానీ బండి కదల్లేదు. వెనక హారన్లు, లోపల ఏడుపులు. నాన్న ఫోన్ చేస్తే పరుగున వెళ్లి పిల్లలను రెండు వరుసల్లో బడిదాకా నడిపించాను. తర్వాత బండిని తాడు కట్టి ఉస్తాద్ దగ్గరికి లాక్కెళ్లాం.

"ఏం ప్లేటేసినవ్ ఉస్తాద్? మూడు వారాలు రాలే."

"నీ ముందలనే డబ్బా చింపిన గదనే అన్నా."

"డబ్బా అసలుదే. లోపలిది నకిలీదేమో ఎవరికెరుక."

 నాన్న ఆయన్ని అంత మాట అనడం నేనెప్పుడూ వినలేదు. ఉస్తాద్ గేర్‌బాక్స్ దింపి ప్లేటు బయటకు తీశాడు. బొగ్గులా నల్లబడి ఉంది. ఆయిలు కారిందేమోనని వేలితో తడిమాడు, పొడిగానే ఉంది. కేబుల్ చూశాడు, సరిగ్గానే ఉంది. ఇంకో కొత్త ప్లేటు బిగించి చేతులు తుడుచుకుంటూ, "ప్లేటు మంచిదే. ఎవరో కాల్చిన్రు. పా, జర నేను గూడ పక్కన కూసుంట" అన్నాడు. నేను వెనక సీట్లో ఒదిగి కూర్చున్నాను.

గల్లీ దాటి మెయిన్ రోడ్డు ఎక్కగానే, "అన్నా, క్లచ్ మీది కాలు తియ్యి" అన్నాడు ఉస్తాద్.

"తీసిన."

"తియ్యలే."

"నా కాలు సంగతి నాకు తెల్వదా."

ముందుకు వంగి చూశాను. పాదం పెడల్ మీదే ఉంది. నాన్న కూడా కిందికి చూశాడు. పాదాన్ని పక్కకు జరిపాడు. రెండు నిమిషాల్లో అది మళ్లీ పెడల్ మీదికి చేరింది, నాన్న మాత్రం తాపీగా రోడ్డు చూస్తున్నాడు. కాలి బరువు కొంచెం ఆనినా ప్లేటు పూర్తిగా పట్టుకోదట. జారుతూ, రాసుకుంటూ కాలిపోతుందట.

ఉస్తాద్ బండి పక్కకు ఆపించి, దిగి అటువైపు వచ్చి నాన్న ఎడమ కాలు చేతిలోకి తీసుకున్నాడు. "కాళ్లు మొక్కుతవా ఏంది, నేను గంత మాటేమన్న" అని నాన్న నవ్వాడు. అరికాలి నిండా పెడల్ రబ్బరు గీతలు అచ్చు పడి ఉన్నాయి. మడమ పక్కన బొట్టంత ఇత్తడి చుక్క మెరుస్తోంది. చార్టు పిన్ను, తలదాకా దిగి ఉంది. చుట్టూ ఎండిన రక్తం. ఉస్తాద్ గోళ్లతో పట్టి మెల్లగా బయటకు లాగాడు. నాన్న ఇంకా నవ్వుతూనే, "ఏం జూస్తున్నవ్ర అంతసేపు" అన్నాడు.

 ఉస్తాద్ పిన్నును నాన్న అరచేతిలో పెట్టాడు. నాన్న దాన్ని చూశాడు, పాదం చూశాడు, తర్వాత వెనక తిరిగి పిల్లల సీట్లకేసి చాలాసేపు చూశాడు. ఎవరూ అడగకుండానే దిగి, తాళం ఉస్తాద్ చేతికిచ్చి పక్క సీట్లోకి వెళ్లాడు. "నాలుగింటికి పిల్లలున్నరు. నువ్వే పో" అన్నాడు. ఆ రోజు తర్వాత స్టీరింగ్ ముందు మళ్లీ కూర్చోలేదు.

దవాఖానలో డాక్టరమ్మ పాదం మీద అక్కడక్కడ గుచ్చి చూసి, షుగర్ వల్ల స్పర్శ పోయిందని చెప్పింది. ఎప్పటి నుంచి ఇలా ఉందని అడిగితే నాన్న అమ్మను చూశాడు, అమ్మ నన్ను చూసింది. ఇంటికి వచ్చి, నేను రోజూ రాసుకునే డైరీలు ముందేసుకుని వెనక్కి తిప్పాను. కోఠిలో కొన్న పాత పుస్తకాల పేర్లున్నాయి, వానలున్నాయి, నా అలకలున్నాయి. ఆ పాదం ఏ రోజు మొద్దుబారిందో తెలియదు గానీ, ఆ రోజు కూడా నేను ఒక పేజీ నింపే ఉంటాను.