తలకాయల మధ్య కొండలు

మా ఎదురింటాయన్ని వీధిలో అందరూ స్టీరింగ్ మామయ్య అంటారు. నాకు వరసకి మరిది. టూరిస్టు వ్యాను తోలడమే ఆయన బతుకంతా. పొద్దున్నే బయలుదేరి ఇటువైపు కొండలెక్కడం, పైనున్న పెద్ద పార్కు దగ్గర జనాన్ని దింపడం, అవతలి వైపు దిగి మట్టిగండ్ల మీదుగా చుట్టు తిరిగి ఇంటికి చేరడం. మట్టిగండ్లంటే వాన కోసి కోసి వదిలేసిన గుట్టలు, పచ్చటి పరక ఒక్కటి కనిపించదట. వెళ్ళిన దారిన తిరిగి రావడం ఉండదు. ఎన్నిసార్లు వెళ్ళావయ్యా అని అడిగితే, మీరు పొయ్యి ఎన్నిసార్లు వెలిగించారో చెప్పండి, నేనూ చెప్తాను అనేవాడు.

సాయంత్రం వచ్చి అరుగు మీద కూర్చుంటే ఆయన చెప్పే కబుర్లకి మా కూర మాడిపోయేది. ఏనుగు మోకాళ్ళ మీద కూర్చున్నట్టు ఒక కొండ ఉందట, దాని మెడ మీద తెల్లటి చార ఉందట. విని విని నాకు ఆ కొండ మా పెరడంత తెలిసిపోయింది.

ఈమధ్య వాళ్ళింట్లో గుసగుసలు మొదలయ్యాయి. కోడలు పిల్ల నేను అడక్కుండానే చెప్పిందంటే అబద్ధం, నాలుగు రకాలుగా అడిగాను. కిరాయి మాట్లాడుకున్నవాళ్ళు ఒక వీధిలో నిలబడి ఉంటే మామయ్య ఇంకో వీధికెళ్ళి హారన్ కొట్టాడట. టీ తాగేసి, టీ ఏదని అత్తయ్య మీద విసుక్కున్నాడట. బుర్ర సడలుతోందని కొడుక్కి అనుమానం. వ్యాను అమ్మేద్దామంటాడు, కొనేవాణ్ణి కూడా చూసి పెట్టాడు. తండ్రేమో తాళంచెవి జేబులోంచి బయటికి తియ్యడు, స్నానానికి కూడా పట్టుకెళ్తున్నాడట.

అలాంటి సమయంలో కొడుకు కొత్తగా కారు కొని, అందరం ఆ చుట్టు తిరిగొద్దాం నాన్నా అన్నాడు. నాతో మాత్రం గుమ్మం దగ్గర మెల్లగా, "నాన్నకి అక్కడ దారీ తెన్నూ తెలిస్తే వ్యాను అమ్మే ఊసెత్తను పెద్దమ్మా. తెలియకపోతే మీరే ఆయనకి నచ్చజెప్పాలి" అన్నాడు. మరిది పెళ్ళాం నన్ను తోడు రమ్మంది. రమ్మనకపోయినా వెళ్ళేదాన్నే.

కొడుకు తోలుతున్నాడు. మలుపుల్లో కడుపులో తిప్పుతుందని కోడలు ముందు కూర్చుంది. వెనక మేం ముగ్గురం, మరిది కిటికీ పక్కన. ఆయన వెనక సీట్లో కూర్చోగా చూడ్డం నాకదే మొదలు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాడు. మలుపు వచ్చినప్పుడల్లా కాలు మాత్రం బ్రేకు తొక్కుతోంది.

ఏనుగు కొండ ఏదయ్యా అని నేను అడుగుతూనే ఉన్నాను. వస్తుంది వస్తుంది అంటున్నాడు. ఒకచోట బోర్లించిన బుట్టలాంటి కొండ కనిపించింది, పక్కనే బోర్డు. కొడుకు కారు నెమ్మది చేసి, "ఏనుగు కొండ అని రాసుంది నాన్నా" అన్నాడు.

"ఇది కాదు."

"బోర్డు పెట్టారు కదా."

"బోర్డు తప్పు" అన్నాడు మరిది.

నేనూ ఆ బుట్టని ఎగాదిగా చూశాను. ఏనుగూ లేదు, చారా లేదు. మరి ఇన్నేళ్ళూ మా అరుగు మీద కూర్చుని ఏ కొండ సంగతి చెప్పినట్టు?

పార్కులో ఇంకా ఘోరం. రండి రండి నేను చూపిస్తానని గేటు దాకా మాకంటే ముందు నడిచాడు. గేటు దాటగానే బిక్కమొహం వేసి నిలబడిపోయాడు. చెరువు ఎటువైపని అక్కడి కాపలా మనిషిని అడిగాడు. మరిది పెళ్ళాం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొడుకు నా వైపు చూశాడు, చూశారా పెద్దమ్మా అన్నట్టు.

మరిది బెంచీ మీద కూలబడ్డాడు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"వదినా, నా బుర్ర నిజంగానే పోయిందా? ఒక్కటంటే ఒక్కటి తెలియట్లేదు" అన్నాడు.

నా నోటికి ఓదార్చడం రాదు, అడగడమే వచ్చు. లోపల ఈ చెరువు చివరిసారి ఎప్పుడు చూశావని అడిగాను. లోపలికి నేనెందుకొస్తానన్నాడు. జనం లోపలికెళ్తే తను బయట అద్దాలు తుడుచుకుని నడుం వాలుస్తాడట.

"సరే, ఆ కొండని ఎప్పుడు చూశావు?"

"బండి తోలేటప్పుడు."

"తోలేటప్పుడు రోడ్డు చూస్తావా, కొండ చూస్తావా?"

"రోడ్డే. కొండ దాటాక వెనకాల వాళ్ళు అబ్బ అబ్బ అంటారు. అప్పుడు అద్దంలోకి చూస్తాను. వాళ్ళ తలకాయల మధ్య కనిపిస్తుంది."

నాకు కాస్త అర్థమైనట్టు, అంతలోనే పోయినట్టు అయింది. ఈయన చూసిన కొండలన్నీ దాటిపోయిన కొండలన్నమాట. ఒక్కదాని ముఖం తెలియదు, వీపులే తెలుసు. కొడుకుని పిలిచి, కారు వెనక్కి తిప్పరా, వచ్చిన దారినే కిందికి దిగుదాం అన్నాను. మట్టిగండ్లు చూడొద్దా పెద్దమ్మా, మీరూ నాన్నలాగే అయ్యారేంటని విసుక్కున్నాడు. మళ్ళీ ఆ మలుపులంటే కోడలు ఒప్పుకోదనుకున్నాను. "తిప్పండి, నా సంగతి నేను చూసుకుంటా" అంది ఆ పిల్ల, ప్లాస్టిక్ సంచి ఒళ్ళో సర్దుకుంటూ.

దిగుతున్నాం. మరిది ముందు సీట్ల మధ్యకి వంగి కూర్చున్నాడు. ఒక మలుపు ముందు, "ఇప్పుడు, కుడివైపు" అన్నాడు.

తిరిగాం. ఏనుగు. మోకాళ్ళ మీద కూర్చుని ఉంది, మెడ మీద తెల్లటి చార. పొద్దున చూసిన బుట్ట వీపు అది. కానీ ఎడంవైపు వచ్చింది.

కుడి అన్నావుగా నాన్నా అన్నాడు కొడుకు, అదే పట్టుకుని. ఎదురు వస్తున్నాం కాబట్టి మారిందంది కోడలు. అయితే ఎడమ అనాలిగా అన్నాడు ఇతను. నేను రెండు చేతులూ చాపి లెక్క కట్టబోయాను. నా కుడి మరిది పెళ్ళాం ముక్కుకి తగిలింది. ఆ తరవాత జోడు రాళ్ళు, విరిగిన వంతెన, ఒంటి చెట్టు అన్నీ ఆయన చెప్పిన వరసలోనే వచ్చాయి, అన్నీ అద్దంలో తిరగబడ్డట్టు, చెప్పిన పక్క కాకుండా ఇంకో పక్కన. మేం వెళ్తున్నామో వస్తున్నామో నాకు తెలియకుండా పోయింది.

కొండ కింద కొడుకు కారాపి, "సరే నాన్నా. వ్యాను ఉంచుదాం" అన్నాడు.

మరిది కిటికీలోంచి వెనక్కి చూస్తున్నాడు. "అమ్మేద్దాంలే."

ఈ వ్యాను కోసమే కదండీ నెల్లాళ్ళుగా అన్నం సరిగ్గా తినలేదంది పెళ్ళాం, ఏడవాలో నవ్వాలో తెలియక.

"బుర్ర పోయిందని అమ్ముతానంటే ఒప్పుకోను. బుర్ర బాగానే ఉందిగా. ఇన్నేళ్ళు తిరిగి చెరువు మొహం కూడా చూడలేదే, ఇంక తోలింది చాలు" అన్నాడు.

మరి వేరే వీధిలో హారన్ ఎందుకు కొట్టావు, టీ సంగతేంటని అడిగాను. అడగకుండా ఎలా ఉంటాను. "అది నాకూ తెలియట్లేదు వదినా" అన్నాడు నెమ్మదిగా. కొడుకు అద్దంలోంచి తండ్రిని చూశాడు.

వ్యాను ఇంకా మా ఇంటి ముందే ఉంది. అమ్ముతాడో ఉంచుతాడో ఆయన్ని అడిగితే ఒక రోజు ఒకటి చెప్తాడు, కొడుకుని అడిగితే భుజాలెగరేస్తాడు. మధ్యాహ్నం పూట మరిది అందులో కూర్చుంటున్నాడు, స్టీరింగ్ దగ్గర కాదు, వెనక వరసలో కిటికీ పక్కన. నిన్న ఉండబట్టలేక వెళ్ళి, కదలని బండిలో కూర్చుని ఏం చూస్తున్నావయ్యా అన్నాను.

"మీ గోడ. కిందంతా బీటలిచ్చింది, చూసుకున్నారా?" అన్నాడు.