గుంతకు పోయాల్సిన బిందె

మా నాయనకు నా పని ఎప్పుడూ నచ్చలేదు. కరెంటును వేల వోల్టుల దాకా కూడబెట్టి, రెప్ప వేసేలోపు మొత్తం ఒక్క దెబ్బకు వదిలేసే యంత్రాలుంటాయి. వాటికి చార్జింగ్ సర్క్యూట్లు గీయడం నా పని. పాత గాజు గొట్టాల స్విచ్చులు పోయి సెమీకండక్టర్లు వచ్చాక ఈ పనికి పెద్ద జాగా అక్కర్లేకుండా పోయింది. తనకల్లు దగ్గర మా చేను గట్టునే రేకుల షెడ్డు వేసుకున్నాను.

ఆయనకు మంట పుట్టించింది మాత్రం కరెంటు కాదు, నీళ్ళు. షెడ్డు పక్కన ఉప్పు, బొగ్గు వేసి పూడ్చిన ఎర్త్ గుంత ఉంది. అది తడిగా ఉంటేనే దారి తప్పిన కరెంటు భూమిలోకి దిగిపోతుంది. ఎండిందంటే, ఇనుము దొరికిన చోటికల్లా పాకుతుంది. అందుకే టెస్టుకు ముందు బిందెడు నీళ్ళు పోయాలి. ఆ ఎండాకాలం బోరు ఎండిపోయింది. ట్యాంకరు వస్తేనే నీళ్ళు. మందంతా అమ్మేసి నాయన ఉంచుకున్న ఒకే ఒక్క గొర్రె, అదీ చూలుది, నాలుక బయటపెట్టి రొప్పుతోంది.

"నోరు లేని జీవం సస్తాంటే గుంతకు పొయ్యల్లనా? నీకేమన్నా తిక్కనా పాపా?" అన్నాడు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "పొయ్యకపోతే మనుషులే పోతారు నాయనా! చెప్పిన పని చెయ్యి!" అని అరిచాను.

గొణుక్కుంటూ బిందె ఎత్తుకుని వెళ్ళాడు. కాసేపటికి లోపల్నుంచే కేకేశాను, "గుంతకు పోసినావా?" అని.

"పోసినాలే పో" అన్నాడు.

నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి మా నాయన నాతో అబద్ధమాడింది అదొక్కసారే.

మీటరులో వోల్టులు ఎక్కాయి. బటన్ నొక్కాను. ఫట్‌మంది. అది రోజూ వినేదే. దాని వెంటే బయట ఏదో దబ్బున పడింది.

అయ్యో దేవుడా! నా యంత్రం బిగించిన ఇనుప స్తంభం పక్కన, బయట, గొర్రె కాళ్ళు చాపి పడి ఉంది. వేపచెట్టు నీడ జరిగిందని నాయన దాన్ని అక్కడికి మార్చి, గొలుసును స్తంభానికే కట్టాడు. బిందె నీళ్ళు దాని తొట్టిలోకే పోసినట్టున్నాడు, అది ఒలికి దాని కాళ్ళ కింద నేల తడిసింది. గుంత మాత్రం బీటలు వారి ఉంది. కరెంటుకు దొరికిన తడి అదొక్కటే.

నేను బటన్ నొక్కిన క్షణంలోనే గొలుసు విప్పబోయిన నాయన చెయ్యి ఇనుముకు జానెడు దూరంలో అలాగే ఆగిపోయి ఉంది. ఆ చెయ్యి పట్టుకుని, వేళ్ళు కదులుతున్నాయా అని మళ్ళీ మళ్ళీ చూశాను.

"కడుపులో రెండుండాయేమో పాపా" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే నీళ్ళ చప్పుడు వినిపించి బయటికొచ్చాను. నాయన గుంత దగ్గర వంగి, చుక్క పక్కకు పోకుండా బిందె వంచుతున్నాడు.

"ఈ రోజు టెస్టు లేదు కదా నాయనా" అన్నాను.

తలెత్తలేదు. "ఉండనీలే. దానికింక నీళ్ళు వద్దు కదా."